పెద్ద కారు వంశవృక్షం

జర్మనీకి ఉత్తరాన సిల్ట్ అని ఓ దీవి ఉంది. ఇసుక తిన్నెలు, సముద్రపు గాలి, డబ్బున్నవాళ్ల వేసవి విడిదులు. ప్రధాన భూభాగం నుంచి అక్కడికి రోడ్డు లేదు. సముద్రంలో కట్టిన రైలు కట్ట ఒక్కటే ఉంది. ఆ దారిన వెళ్లాలంటే కారునీ రైలెక్కించాల్సిందే. 1991లో మెర్సిడెస్ బెంజ్ కంపెనీ తన కొత్త ఎస్ క్లాస్‌ను తెచ్చాక ఓ తమాషా బయటపడింది. ప్రపంచంలోకెల్లా గొప్ప కారని చెప్పుకున్న ఆ బండి.. రైల్లో పట్టలేదు! కార్లను మోసే మామూలు వ్యాగన్లకి అది మరీ వెడల్పయింది. జర్మనీ పత్రికలకి కొన్నాళ్లపాటు కాలక్షేపానికి లోటు లేకపోయింది.

ఎస్ క్లాస్ అంటే మరేం లేదు.. మంత్రులూ, పారిశ్రామికవేత్తలూ, సినిమావాళ్లూ వెనక సీట్లో కూర్చుని వెళ్లే పొడవాటి బెంజి కారు. 'ప్రత్యేక శ్రేణి' అనే అర్థమున్న జర్మన్ మాటలోంచి వచ్చింది ఆ 'ఎస్'. అంతకుముందు కూడా కంపెనీ పెద్ద కార్లు చేసేది కానీ, ఈ పేరు అధికారికంగా పెట్టింది మాత్రం 1972లో. అక్కణ్నుంచి 2020 దాకా ఏడు తరాలు వచ్చాయి. 'ఎస్ క్లాస్‌లో ఇవాళ వచ్చింది రేపు అందరి కార్లలోకీ వస్తుంది' అని కార్ల గురించి రాసేవాళ్లు ఎప్పుడూ అనే మాట. అబద్ధమేం కాదు. కాకపోతే ఆ 'రేపు' ఎప్పుడన్నదే అసలు కథ!

మొదటి తరాన్ని చూస్తే ఇప్పటి కుర్రకారుకి పాత సినిమాల్లో విలన్ కారు గుర్తొస్తుంది. బరువైన క్రోమ్ బంపర్లు, వెడల్పాటి దీపాలు. దాని గొప్పంతా కంటికి కనపడనిచోట ఉంది. తడి రోడ్డు మీద సడన్ బ్రేక్ వేస్తే ఏమవుతుందో స్టీరింగ్ పట్టిన ప్రతివాళ్లకీ తెలుసు. చక్రాలు బిగుసుకుపోతాయి. బండి జారుతుంది. అప్పుడిక స్టీరింగ్ ఎటు తిప్పినా మాట వినదు. దీనికి విరుగుడు కనిపెట్టామని కంపెనీ 1970లోనే చూపించింది. కానీ కారులో వేడికీ, కుదుపులకీ తట్టుకుని నమ్మకంగా పనిచేసే ఎలక్ట్రానిక్స్ అప్పటికింకా లేవు. బాష్ కంపెనీతో కలిసి కుస్తీ పడితే 1978కి కుదిరింది. చక్రం బిగుసుకోబోతోందని సెన్సర్ పసిగట్టగానే బ్రేకు పట్టును సెకనులో అనేకసార్లు వదులుతూ, బిగిస్తూ ఉంటుంది. పాదం కింద పెడల్ టకటకా కొట్టుకుంటుంది. బండి మాత్రం చెప్పినట్టు వింటుంది. అదే ఏబీఎస్. అప్పట్లో దీనికి కారు ధర కాక విడిగా రెండు వేల మార్కులకు పైనే కట్టాలి.

రెండో తరం 1979లో వచ్చింది. ఏడింటిలో ఒక్కదాన్ని ఎంచుకోమంటే ఇదే ఎంచుకోవాలి. దానికి ముందు ఆరేళ్లలో రెండుసార్లు ప్రపంచానికి చమురు గండం వచ్చింది. పెద్ద కారంటే పెట్రోలు తాగే దెయ్యమని జనం కోపంగా ఉన్నారు. బ్రూనో సాకో అనే ఇటాలియన్ ఆధ్వర్యంలోని డిజైన్ బృందం ఒంట్లో పొగరు తగ్గించి, గాలిని చీల్చుకుపోయేలా గీతలు గీసింది. మెరుపుల క్రోమ్ బంపర్లు పోయి ప్లాస్టిక్‌వి వచ్చాయి. పన్నెండేళ్లలో ఎనిమిది లక్షలకు పైగా సెడాన్లు తయారయ్యాయి. మరే ఎస్ క్లాస్ తరమూ ఆ లెక్కను అందుకోలేదు. కంపెనీ 1971లోనే పేటెంటుకు దరఖాస్తు పెట్టిన ఎయిర్ బ్యాగ్‌ను దశాబ్దం తర్వాత డ్రైవర్ ముందు అమర్చింది కూడా ఈ కారులోనే. ఢీకొన్న క్షణంలో సీటు బెల్టును గట్టిగా వెనక్కి లాగి పట్టుకునే ఏర్పాటూ దాంతోపాటే వచ్చింది. బ్యాగ్ ఒక్కటే సరిపోదు, బెల్టు కూడా ఉండాల్సిందేనని ఇంజినీర్లు మొదట్నుంచీ అంటూనే ఉన్నారు. ఆ ముక్కతో మళ్లీ పనుంది.

అంత పేరొచ్చాక కాస్త తల తిరగడం సహజం. దానికితోడు 1987లో బీఎండబ్ల్యూ తన పెద్ద కారులో 12 సిలిండర్ల ఇంజిన్ పెట్టింది. 1989లో జపాన్ నుంచి లెక్సస్ దిగింది.. అంతే మెత్తగా, అంతకంటే చాలా చవగ్గా. స్టుట్‌గార్ట్‌లో ఉడుకు పుట్టింది. ఆ ఉడుకులోంచి పుట్టిందే రైల్లో పట్టని మూడో తరం. లేనిదేముంది దాంట్లో! బయటి శబ్దం చెవిన పడకుండా కిటికీలకి రెండు పొరల అద్దాలు. తలుపు మెల్లగా ఆనిస్తే మిగతాది అదే లాక్కుని మూసుకుంటుంది. 6 లీటర్ల, 12 సిలిండర్ల ఇంజిన్. వెనక్కి నడిపేటప్పుడు కారు చివర ఎక్కడుందో తెలియడానికి డిక్కీ మీది రెండు మూలల్లోంచి చిన్న కడ్డీలు పైకి లేచేవి. నత్త కొమ్ముల్లా! బరువు రెండు టన్నుల పైమాటే. ఆ బరువుకి తోడు నలుగురు భారీ మనుషులు సామానుతో ఎక్కితే చట్టం ఒప్పుకున్న మొత్తం బరువు దాటిపోతుందని విలేకరులు లెక్కగట్టారు. నలుగురు పెద్దమనుషుల కోసం చేసిన కారు నలుగురు పెద్దమనుషుల్ని మోయలేదన్నమాట. ఇంజినీరింగ్ పరంగా అంత శ్రద్ధగా చేసిన కారు మరొకటి రాలేదనేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. నిజమే కావచ్చు. పర్యావరణం గురించి దేశమంతా మాట్లాడుకుంటున్నవేళ అది ఏనుగులా వచ్చి నిలబడిందన్నదీ అంతే నిజం.

అయితే ఈ ఏనుగు వంశంలోంచే ఓ మంచి పుట్టింది. ఈఎస్‌పీ. మలుపులో కారు అదుపు తప్పబోతుంటే ఏ చక్రానికి బ్రేకు వేస్తే దారిలో పడుతుందో లెక్కగట్టి ఆ ఒక్కదానికే వేస్తుంది. 1995లో ఎస్ క్లాస్ కుటుంబంలోని రెండు తలుపుల కూపేతో మొదలైంది. మామూలుగా అయితే అది పదిహేనేళ్లు పెద్దవాళ్ల దగ్గరే ఉండిపోవాలి. కానీ 1997లో ఇదే కంపెనీ 'ఎ క్లాస్' అనే బుల్లి కారు తెచ్చింది. స్వీడన్‌లో ఓ కార్ల పత్రిక దాన్ని పరీక్షించింది. రోడ్డు మీద హఠాత్తుగా దుప్పి అడ్డొస్తే స్టీరింగ్ ఎలా కోస్తామో అలా కోసి చూడటం అక్కడ మామూలు పరీక్ష. బుల్లి కారు బోల్తా కొట్టింది! కంపెనీ ముందు బుకాయించబోయి, తర్వాత అమ్మకాలు ఆపేసి, దిద్దుబాట్లు చేసి, ప్రతి ఎ క్లాస్‌లోనూ ఈఎస్‌పీ పెట్టి ఇచ్చింది. 1998 మొదటికల్లా! పెద్దాయన కారులోని సరుకు మూడేళ్లు తిరక్కుండా చిన్న కారులోకి దిగింది. ఎవరి దయా కాదు, పరువు పోయింది గనక.

ఇక నాలుగో తరం. 1998లో వచ్చింది. మునుపటి తిట్లు గుర్తుండి బాగా సన్నబడింది, తేలికైంది. ముందు వెళ్లే బండికి దూరం చూసుకుంటూ తనే వేగం తగ్గించుకునే రాడార్ 1999లో, ప్రమాదాన్ని ముందే ఊహించి బెల్టులు బిగించుకునే ఏర్పాటు 2002లో వచ్చాయి. తుప్పుతో, ఎలక్ట్రానిక్స్‌తో, గాలి సస్పెన్షన్‌తో కొన్నవాళ్లు పడ్డ అవస్థలూ తక్కువేం కాదు. కాగితం మీద గొప్పగా ఉండి వాడకంలో నిరాశపరిచిన తరం ఇది. 2005లో వచ్చిన అయిదోది కాస్త పరువు నిలబెట్టింది. హైబ్రిడ్ కారులో లిథియం అయాన్ బ్యాటరీ పెట్టి 2009లో అమ్మకానికి తెచ్చిన ఘనత దానిదే. 2013లో వచ్చిన ఆరో తరంలో ఒక్క బల్బు కూడా లేదు. అన్నీ ఎల్ఈడీలే, దాదాపు 500. సెంటు చల్లే యంత్రం కూడా పెట్టారు. 2020 నాటి ఏడోది వెనక చక్రాల్ని పది డిగ్రీల దాకా తిప్పి, ఇంత పొడవున్నా చిన్న కారులా మలుపు తిరుగుతుంది. ట్రాఫిక్ జామ్‌లో 60 కిలోమీటర్ల వేగం లోపు స్టీరింగ్ వదిలేసి సినిమా చూసుకునే సదుపాయానికి జర్మనీ 2021 డిసెంబరులో అనుమతి ఇచ్చింది. మన ట్రాఫిక్‌లో దాని అవస్థ ఊహించుకుంటే నవ్వొస్తుంది గానీ, అది వేరే సంగతి.

మన దేశంలో ఈ ఏడో తరాన్ని పుణె దగ్గరి చాకన్‌లో బిగించి 2021లో అమ్మకానికి పెడితే ఎక్స్ షోరూం ధరే ఒకటిన్నర కోటి దాటింది. దాన్ని కొనగలిగేవాళ్లు కొంటారు. మిగతావాళ్ల సంగతి? 2014లో గ్లోబల్ ఎన్‌క్యాప్ సంస్థ మన దగ్గర అమ్ముడయ్యే అయిదు చిన్న కార్లను గోడకు కొట్టించి చూసింది. ఎయిర్ బ్యాగుల్లేని ఆ మోడళ్లకు పెద్దవాళ్ల భద్రతలో వచ్చిన స్టార్లు సున్నా. అయిదింటికి అయిదూ! అంతకుముందు అడిగితే షోరూంలో 'మైలేజీ చూడండి సార్' అనేవాళ్లు. ఆ గొడవ తర్వాతే నిబంధనలు కదిలాయి. కొత్త కార్లన్నిటికీ ఏబీఎస్ తప్పనిసరి అయింది 2019 ఏప్రిల్‌లో. డ్రైవర్ ఎయిర్ బ్యాగ్ అదే ఏడాది జులైలో. పక్క సీటుకు 2021 చివరికల్లా. స్టుట్‌గార్ట్‌లో 1978లో రోడ్డెక్కిన బ్రేకు మన చిన్న కారుకు హక్కుగా దక్కడానికి 41 ఏళ్లు పట్టింది. ఈ మధ్యలో పెద్ద కారు అయిదు తరాలు మారింది. ఎ క్లాస్ బోల్తా కొట్టి మూడేళ్లలో సాధించిందాన్ని మనం సున్నా స్టార్లూ, సర్కారు ఆదేశాలూ కలిపి నాలుగు దశాబ్దాలకు సాధించాం.

కారు పెద్దదైతే చాలనుకోవడమూ పొరపాటే. 1997 ఆగస్టు 31న పారిస్‌లోని సొరంగంలో స్తంభాన్ని గుద్దుకుని యువరాణి డయానా ప్రాణం తీసిన ప్రమాదం గుర్తుందిగా. ఆ కారు ఎస్ క్లాసే. అదే మూడో తరం, ఏనుగులాంటిది. నలుగురిలో ముగ్గురు పోయారు. ఆ నలుగురిలో ఒక్కరూ సీటు బెల్టు పెట్టుకోలేదని బ్రిటన్ పోలీసుల దర్యాప్తు నివేదిక 2006లో తేల్చింది.

మన ఇళ్లలో ఇప్పటికీ వెనక సీట్లో బెల్టు పెట్టుకోమంటే 'ముందు కూర్చున్నానా ఏంటి?' అనే పెద్దవాళ్లుంటారు. కొన్ని ఇళ్లలో ఆ బెల్టు కొక్కెం సీటు కవర్ కిందికి వెళ్లి ఏళ్లవుతుంది. కోట్లు పోసి కొన్నవాళ్లూ ఇదే బాపతని బెంజివాళ్లకి ఎప్పుడో అర్థమైనట్టుంది. ఏడో తరంలో వెనక సీటు వాళ్ల కోసం ముందు సీటు వీపులోంచి విచ్చుకునే ఎయిర్ బ్యాగ్ తెచ్చారు. అదీ బెల్టు పెట్టుకున్నవాళ్ల కోసమే. ఆరో తరంలోనే ఇంకో చిన్న ఏర్పాటు చేసి పెట్టారు. వెనక తలుపు తీయగానే సీట్ల మధ్యలోంచి బెల్టు కొక్కెం మోటారు సాయంతో కొన్ని సెంటీమీటర్లు పైకి లేచి, లైటు వెలిగించుకుని నిలబడుతుంది.