మీట నొక్కే వేలు ఎవరిది?

ఎన్నికలు వచ్చాయంటే మా నాదెండ్ల రచ్చబండ దగ్గర తప్పక వినబడే ప్రశ్న ఒకటి ఉంది: "ఆ ఓటు యంత్రాన్ని నమ్మవచ్చునా?" మంచి ప్రశ్నే. అయితే అంతకంటె ముందు అడగవలసినది మరొకటి ఉన్నదని నా అభిప్రాయం. మీట నొక్కే ఆ వేలు నిజంగా మనదేనా?

ముందు యంత్రం సంగతి చూద్దాం. మన దేశంలో దీనిని మొదటిసారి 1982లో కేరళలోని పరవూరులో, 50 పోలింగు కేంద్రాలలో వాడారు. చట్టంలో యంత్రం ప్రసక్తే లేదని 1984లో సుప్రీంకోర్టు అక్కడ మళ్ళీ కాగితాలతో పోలింగు జరపమన్నది. తరువాత చట్టాన్ని మార్చారు. 2004 లోక్‌సభ ఎన్నికల నాటికి దేశమంతటా యంత్రాలే.

కాగితాల రోజుల్లో బూతును ఆక్రమించినవాళ్ళు బాలెట్ల కట్ట లాక్కొని టకటకా ముద్రలు గుద్దేసేవారు. యంత్రం దగ్గర ఆ దూకుడు సాగదు. ప్రతి ఓటుకూ అధికారి తన ముందున్న కంట్రోల్ యూనిట్‌పై మీట నొక్కి అనుమతి ఇవ్వాలి. నిమిషానికి 4 ఓట్లకు మించి పడవు. 2024 మే 13న మన జిల్లాలోనే, మాచర్ల నియోజకవర్గంలోని పాల్వాయి గేటు కేంద్రంలో యంత్రాన్ని నేలకేసి కొట్టిన దృశ్యం దేశమంతా చూసింది. అయినా అప్పటివరకు పడిన ఓట్లు చెక్కుచెదరలేదని అధికారులు ప్రకటించారు. మరో యంత్రంతో పోలింగు సాగింది. పైగా, మీరు నొక్కిన గుర్తు ఒక చీటీ మీద అచ్చయి అద్దం వెనుక 7 సెకన్లు కనబడుతుంది.

ఇంత కాపలా మీట నొక్కిన తరువాతి సంగతికే. ముందు సంగతి?

1983లో అమెరికా శాస్త్రజ్ఞుడు బెంజమిన్ లిబెట్ ఒక ప్రయోగ ఫలితాలు ప్రకటించాడు. చెయ్యి కదపాలన్న కోరిక మనకు తెలియడానికి సుమారు మూడోవంతు సెకను ముందే మెదడులో విద్యుత్ సంకేతం మొదలవుతున్నదట. దాని అర్థం ఏమిటన్న వాదన ఇంకా తెగలేదు. (పరీక్షలో అడగరు, భయపడకండి!) నాకు ఆ మూడోవంతు సెకను కంటె, ఓటుకు ముందు గడిచే మూడు నెలలే ముఖ్యమనిపిస్తుంది.

మనమీద ఒత్తిడి ఎప్పుడూ ఉన్నదే. తాతగారి పార్టీ, కులం, అప్పిచ్చిన ఆసామి. కాని రచ్చబండ దగ్గర మనల్ని ఒప్పించజూసేవాడి మొహం కనబడుతుంది. "నీకేం లాభం?" అని అడగవచ్చు. సెల్‌ఫోను అలా కాదు. ఏ వీడియో దగ్గర ఎన్ని సెకన్లు ఆగారో అది లెక్క కడుతుంది. ఆ లెక్కను బట్టి తరువాతిది ఎంచి చూపుతుంది. కోపం వచ్చినప్పుడు ఎక్కువసేపు ఆగామనుకోండి, కోపం తెప్పించేవే వరుసగా వస్తాయి. ఓటు వేసేచోట అట్ట అడ్డుపెట్టి మన రహస్యం కాపాడతారు. ఫోనుకు ఆ అట్ట లేదు.

ఫోను పారేయమంటారా మాస్టారూ అంటారేమో. అననుగాక అనను. ఓటు యంత్రానికి చీటీ అడిగి సాధించుకున్నట్లే దీనికీ చీటీ అడగాలంటాను: "ఇది నాకే ఎందుకు చూపావు?" అని. యూరోపియన్ యూనియన్ 2022లో ఆమోదించిన చట్టం ప్రకారం కంపెనీలు తమ ఎంపికకు ముఖ్యమైన ఆధారాలేమిటో వాడుకరికి చెప్పి తీరాలి.

మీకు ఓటు 18 ఏళ్ళకు. ఈలోగా ఒక ప్రయోగం చేయండి. ఇంట్లో పెద్దల అనుమతితో, ఇద్దరు మిత్రులు రెండు ఫోన్లలో ఒకే యాప్ తెరిచి, మొదట వచ్చిన 20 వీడియోల పేర్లు పట్టికగా రాయండి. వారంపాటు రోజూ ఒకే వేళకు రాయాలి. రెండు పట్టికల్లోనూ ఉన్నవి ఎన్నో లెక్కపెట్టండి. మిగిలిన ప్రతిదాని పక్కన, అది మీకే ఎందుకు వచ్చి ఉంటుందో మీ ఊహ రాయండి.