పద్దెనిమిది నిండేలోపు

మన హాస్టలు అడ్మిషన్ రిజిస్టరు ఒకసారి తిరగేసి చూడండి. పుట్టిన తేదీ అన్న గడిలో చాలామందికి జూన్ ఒకటో, జూలై ఒకటో కనిపిస్తుంది. ఇంతమందిమి ఒకే రోజున పుట్టామా? లేదు. బడిలో చేర్పించిన రోజున మా నాయనలు "చెనక్కాయ విత్తనం వేసే నాళ్లు సారూ, వాన పడుతూ ఉండింది" అని చెప్పారు. అయ్యవారు వయసు లెక్క కుదిరేలా ఒక తేదీ రాసుకున్నారు. మాలో ముగ్గురి పుట్టినరోజు జూలై ఒకటి. ముగ్గురివీ మూడు ఊళ్లు, ముగ్గురు తల్లులు, ఒకే అయ్యవారు!

అందుకేనేమో మన దగ్గర పుట్టినరోజులకు పెద్ద సందడి ఉండదు. ఎవడైనా రంగు చొక్కా వేసుకుని ప్రేయరుకు వచ్చి, గదికి నాలుగు చాక్లెట్లు పంచితే ఆ రోజుకు వాడే రాజు. పట్నం పిల్లలు ఫలానా వయసు వచ్చేలోపు ఈ పాతిక పనులు చేసి తీరాలని జాబితాలు రాసుకుంటారట. విమానం ఎక్కడం, సముద్రంలో ఈత, పెద్ద హోటల్లో భోజనం వంటివి అందులో ఉంటాయి. మొదట చదివినప్పుడు నవ్వుకున్నాము. డబ్బున్న వాళ్ల ముచ్చట్లు మనకెందుకు అనుకున్నాము. హాస్టలు వదిలి కొన్నేళ్లయ్యాక ఇప్పుడు మా అభిప్రాయం మారింది. అలాంటి జాబితా నిజంగా అవసరమైంది మనకే. ఎందుకో చెబుతాము.

మనకు లెక్కకు వచ్చే పుట్టినరోజు ఒక్కటే, పద్దెనిమిదోది. ఆ రోజు నుంచి ఓటు వస్తుంది, లైసెన్సు వస్తుంది. అంతకన్నా ముందు ఇంట్లో మాటలు మారతాయి. మగపిల్లవాడైతే "పాస్‌పోర్టు తీయించుకో, మామ కువైట్‌లో ఉన్నాడు, వీసా పంపుతాడు" అంటారు. ఆడపిల్లయితే చట్టం ఒప్పుకునే వయసు వచ్చిందని సంబంధం చూస్తారు. మా తరగతిలో చదివిన ఒకడు ఇంటరు మధ్యలోనే ఆపి కువైట్ పోయాడు. తప్పని మేము అనము. వాడు పంపిన డబ్బుతోనే వాళ్ల చెల్లెలు చదువుకుంటోంది. అయితే వెళ్లే ముందు రోజు వాడన్న మాట మాకు ఇంకా గుర్తుంది. "రేయ్, నేను రాజంపేట, కడప తప్ప ఏమీ చూడలేదురా. ఇంకేం చేయగలనో నాకే తెలియదు. అందుకే పోతాండా." వాడు ఇష్టపడి కువైట్‌ను ఎంచుకోలేదు. వేరే దారి ఏదీ తెలియక పోయాడు. మేము ఈ వ్యాసం రాస్తున్నది ఆ మాట కోసమే.

మా సంగతి కూడా దాచుకోవడం ఎందుకు? డిగ్రీ అయ్యాక మొదటిసారి ఇంటర్వ్యూకు పోతే మీ హాబీలేమిటని అడిగారు. ఒకడు క్రికెట్ చూడటం అన్నాడు. ఇంకొకడు నిద్ర అనబోయి ఆగిపోయాడు. పదేళ్లు హాస్టల్లో ఉండి బియ్యం ఏరడం, బకెట్లు మోయడం, గంట కొడితే లేవడం, గంట కొడితే తినడం నేర్చుకున్నాము. ఇష్టపడి, కావాలని, భయపడుతూనే మొదటిసారి చేసిన పని ఏదైనా ఉందా అని వెతుక్కుంటే చేతికి ఏమీ తగలలేదు.

ఇక్కడ మలావత్ పూర్ణ సంగతి చెప్పుకోవాలి. ఆమెది నిజామాబాద్ జిల్లా పాకాల. అమ్మానాన్నలు వ్యవసాయ కూలీలు. తాడ్వాయిలోని సాంఘిక సంక్షేమ గురుకులంలో చదువుకుంది. 2014 మే 25న, ఖమ్మం జిల్లాకు చెందిన సాధనపల్లి ఆనంద్ కుమార్‌తో కలిసి ఎవరెస్టు ఎక్కింది. ఆనంద్ కూడా గురుకులం విద్యార్థే. అప్పటికి పూర్ణకు పద్నాలుగో పుట్టినరోజు ఇంకా పదహారు రోజులుంది. నేపాల్ వైపు నుంచి పదహారేళ్ల లోపు వారిని ఎక్కనివ్వరు కాబట్టి టిబెట్ వైపు నుంచి ఎక్కారు. అప్పటికి ఆ శిఖరం చేరిన అమ్మాయిలందరిలోనూ ఆమే చిన్నది. ఆమె అక్కడితో ఆగలేదు. 2022 జూన్ 5న అలాస్కాలోని డెనాలి ఎక్కి, ఏడు ఖండాల ఎత్తైన శిఖరాలను పూర్తి చేసింది. అది ఇరవై రెండో పుట్టినరోజుకు ఐదు రోజుల ముందు.

ఈ కథను సభల్లో అందరూ చెబుతారు. "పట్టుదల ఉంటే సాధించలేనిది లేదు" అని ముగిస్తారు. మాకు అందులో వేరే సంగతి ముఖ్యం అనిపిస్తుంది. పూర్ణకు పట్టుదల ఉంది, సరే. ఆమెను ముందుగా ఎవరో ఒకరు భువనగిరి బండ దగ్గరికి తీసుకెళ్లి, నడుముకు తాడు కట్టి, ఎక్కమన్నారు. అప్పట్లో గురుకులాల సంస్థ కార్యదర్శిగా ఉన్న ఆర్.ఎస్. ప్రవీణ్ కుమార్ గారు, శిక్షకుడు శేఖర్ బాబు గారు ఆ ఏర్పాటు చేశారు. భువనగిరి తరువాత డార్జిలింగ్, ఆ తరువాత లడఖ్, ఆ తరువాతే ఎవరెస్టు. భువనగిరి బండ ఎక్కకముందు తనలో కొండలెక్కే మనిషి ఉందని ఆ పిల్లకు మాత్రం ఎలా తెలుస్తుంది? ఆమెతో పాటు ఆ బండ ఎక్కిన పిల్లలందరూ ఎవరెస్టు చేరలేదు. అయినా వాళ్లు ఓడిపోయారని మేము అనుకోము. వాళ్లు బండ ఎక్కి చూశారు. మనము ఆ బండ దాకా కూడా పోలేదు.

"అది గురుకులం, మనది హాస్టలు. మనకు ఎవరెస్టు ఎవరు చూపిస్తారు?" అని మీరు అడగవచ్చు. నిజమే. మనము ఇక్కడ తిని, ఇక్కడ పడుకుని, హైస్కూలుకు పోయి వచ్చేవాళ్లం. ఎవరెస్టు వద్దు. మన చుట్టూ ఉన్నదాన్నయినా చూశామా?

మన కోదండరాముని గుడి గోపురాన్ని 17వ శతాబ్దంలో ఫ్రాన్సు నుంచి వచ్చిన టావెర్నియర్ అనే యాత్రికుడు చూసి మెచ్చుకున్నాడు. మనము రోజూ దాని పక్కనే నడుస్తూ ఎన్నిసార్లు తలెత్తి చూశాము? పెన్న ఒడ్డున సిద్ధవటం కోట ఉంది. మాలో ఇద్దరు దాన్ని హాస్టలు వదిలాకే చూశారు. ఆ పక్కనే లంకమల అడవి. 1900 తరువాత ఎవరికీ కనబడక, ఇక లేదనుకున్న కలివికోడి 1986లో ఆ అడవి దగ్గరే మళ్లీ దొరికింది. దాన్ని పట్టింది పెద్ద చదువుల వాళ్లు కాదు, అడవి తెలిసిన ఒక పల్లెటూరి మనిషి. ప్రపంచంలోని పక్షి శాస్త్రవేత్తలకు మన లంకమల తెలుసు. మనకు మాత్రం అది కట్టెలు తెచ్చుకునే కొండ.

బస్సెక్కితే గంటలోపే కడప. అక్కడ సి.పి. బ్రౌన్ బంగళా ఉన్న చోట ఆయన పేరున గ్రంథాలయం ఉంది. పాఠ్యపుస్తకం కాని పుస్తకాన్ని ఎవరూ చెప్పకుండా, మార్కుల కోసం కాకుండా, మన ఇష్టంతో తీసి చదవడం కూడా కొత్త అనుభవమే. ఒక ఆంగ్లేయుడు వచ్చి మన వేమన పద్యాలను ఏరి అచ్చు వేశాడే, ఆ పని మనకెందుకు తోచలేదని అక్కడ కూర్చుంటే అనిపిస్తుంది.

ఇంకా దగ్గరి పనులూ ఉన్నాయి. వార్షికోత్సవం నాడు మైకు ముందు రెండు నిమిషాలు మాట్లాడటం. కాళ్లు వణుకుతాయి, వణకనివ్వండి. మగపిల్లలు ఒక పూట సంగటి కెలికి, పదిమందికి వడ్డించడం. ముద్ద కట్టిన సంగటి తిన్న నాడు వంట మనిషి మీద అరిచే నోళ్లు అప్పుడు మూతపడతాయి. బ్యాంకుకు ఒంటరిగా పోయి, ఎవరి కాళ్లూ పట్టుకోకుండా ఫారం నింపడం. పదిహేడు నిండినవారు ఓటు కోసం ఫారం 6 ముందుగానే ఇవ్వవచ్చని, ఏడాదికి నాలుగు తేదీల లెక్కన పేరు చేరుస్తారని మాకు ఆలస్యంగా తెలిసింది. అది కూడా నింపి చూడండి.

ఒక మాట గట్టిగా చెప్పాలి. కొత్త అనుభవం అనగానే మనవాళ్లలో కొందరికి గుట్కా, సీసా, ఫోనులో పందేలు, లైసెన్సు లేని బండి గుర్తుకొస్తాయి. "ఒక్కసారి చూద్దాం" అంటూ మొదలైన వాటిలో ఎన్ని ఒక్కసారితో ఆగాయో మీరే చెప్పండి. పద్దెనిమిది నిండని పిల్లవాడు బండి నడిపితే 2019 నుంచి చట్టం బండి యజమానికో తల్లిదండ్రులకో ఇరవై ఐదు వేల జరిమానాతో పాటు జైలు కూడా చూపిస్తోంది. మన నాయన ఇరవై ఐదు వేలు ఎన్ని నాళ్లు కూలికి పోతే సంపాదిస్తాడు? తెలియని నీళ్లలో దూకడమూ ఇలాంటిదే. చెరువు నిండినప్పుడు చూడటానికి బాగుంటుంది, లోతు పైకి కనిపించదు. మన చేతిలోకి ఒక శక్తిని తెచ్చేదే అనుభవం. మనల్ని ఒకరి చేతిలో పెట్టేది ఉచ్చు.

ఆడపిల్లల హాస్టలు సంగతి విడిగా చెప్పాలి. "తిరిగి ఆడది చెడితే తిరగక మగవాడు చెడతాడు" అని మన పెద్దల సామెత. మేము దీన్ని ఒప్పుకోము. తిరగక మగవాడు చెడితే ఆడపిల్ల ఎలా బాగుపడుతుంది? పూర్ణను కూడా ఈ సామెత చెప్పి ఇంట్లో కూర్చోబెట్టి ఉంటే ఏమయ్యేది? ఊరు దాటి చూడని పిల్ల, పద్దెనిమిదో ఏట సంబంధం వచ్చినప్పుడు "ఇంకా చదువుతాను" అని ఏ ధైర్యంతో చెబుతుంది? వద్దని చెప్పడానికైనా ఇంకోటి చూసి ఉండాలి. మన చెల్లెళ్లకు ముందు సైకిలు, ఆ తరువాత కడప బస్సు అలవాటు కావాలి.

వార్డెన్ల ఇబ్బంది మాకు తెలియనిది కాదు. పిల్లలకు ఏదైనా జరిగితే జవాబు చెప్పవలసింది వాళ్లే. అందుకే గేటు మూసి ఉంచడం వాళ్లకు సులభం. దానికి మాకు తోచిన మార్గం ఇది. నెలకు ఒక ఆదివారం, తల్లిదండ్రుల సంతకంతో, ఒక అయ్యవారు, ఇద్దరు పూర్వ విద్యార్థులు తోడుగా పదిహేను మంది పిల్లలు బయటికి పోయి రావాలి. బస్సు చార్జీలు పూర్వ విద్యార్థులం వేసుకుందాము. మొదటి ఆదివారానికి మేము సిద్ధం. సిద్ధవటం పోదాము, సద్దిమూట కట్టుకుని. ఉద్యోగాల్లో ఉన్న అన్నలు, అక్కలు తమ తమ ఆదివారాలు చెప్పండి. మీ ఆఫీసు చూపించినా చాలు, బల్ల అవతల మనవాళ్లు కూర్చుని ఉంటారని పిల్లలకు తెలుస్తుంది.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! మీరు కువైట్ పోతారో, కలెక్టరు అవుతారో, ఊళ్లోనే సేద్యం చేస్తారో మేము చెప్పలేము. అన్నీ గౌరవమైన పనులే. ఏది చేసినా, నాలుగు చూసి ఒకటి ఎంచుకున్నామని చెప్పుకోగలగాలి. ఒక నోటుపుస్తకం కొనండి. మొదటిసారి చేసిన ప్రతి పనినీ, తేదీ వేసి అందులో రాయండి. మన పుట్టిన తేదీ అయ్యవారు రాశారు. ఈ తేదీలైనా మన చేత్తో మనం రాసుకుందాము. వచ్చే వార్షికోత్సవ సంచికకు ఆ పుస్తకాల్లోంచి ఒక్కొక్క పేజీ పంపండి, అచ్చు వేద్దాము.