వేగం యంత్రానిదా? ఆలోచనదా?

‘స్కానింగ్’ అనే మాట నేడు మారుమూల పల్లెలలో సైతం వాడుకలో ఉన్నది. గర్భిణికైనా, కడుపునొప్పితో బాధపడే వృద్ధునికైనా వైద్యుడు తరచుగా స్కానింగ్ తీయించుకొమ్మని చెబుతాడు. 1958లో గ్లాస్గో నగరంలో ఇయాన్ డొనాల్డ్, ఆయన సహచరులు ఉదరంలోని గడ్డలను అతిధ్వనులతో పరీక్షించిన ఫలితాలను ప్రకటించిన నాటి నుండి ఈ విద్య ఎంతో పురోగమించింది. దేహంలోని అతి సూక్ష్మమైన కదలికలను సైతం చూపాలంటే ప్రతిధ్వనుల నుండి బొమ్మను కట్టే పని ఇంకా త్వరగా సాగాలి. ఖరీదైన యంత్రాలు కొంటే ఆ వేగం తానే వస్తుందని పలువురు తలుస్తారు. మా అభిప్రాయం వేరు. ఇందులో లభించిన వేగానికి మూలం గణిత ఆలోచన. యంత్రం దానికి తోడ్పడింది.

మెత్తని కణజాలంలో ధ్వని సెకనుకు సుమారు 1540 మీటర్లు ప్రయాణిస్తుంది. 15 సెంటీమీటర్ల లోతుకు పోయి తిరిగి రావడానికి సుమారు 195 మైక్రోసెకన్లు పడుతుంది. ఆ లెక్కన, ఒకదాని ప్రతిధ్వని వచ్చిన తరువాతనే మరొక తరంగాన్ని పంపితే, సెకనుకు పంపగలిగినవి దాదాపు 5000. ఇది ప్రకృతి విధించిన హద్దు. ధనంతో చెరిగేది కాదు. సంప్రదాయ పద్ధతిలో ఒక్కొక్క తరంగంతో బొమ్మలోని ఒక్కొక్క గీతను రాబడతారు. బొమ్మకు 128 గీతలు కావలసి వస్తే సెకనుకు నలభై బొమ్మలే దక్కుతాయి.

సాధారణ పరీక్షకు నలభై చాలును. కాలేయం గట్టిపడినదా అని తెలుసుకొనడానికి మాత్రం చాలవు. దేహంలో ఒక స్వల్ప కంపనాన్ని పుట్టించి, అది పాకే వేగాన్ని కొలిచే విధానం ఒకటి ఉన్నది. గట్టిపడిన చోట కంపనం వేగంగా, మెత్తని చోట నెమ్మదిగా పాకుతుంది. సెకనుకు రెండు మీటర్ల వేగంతో పోయే కంపనం నాలుగు సెంటీమీటర్లను 20 మిల్లీసెకన్లలో దాటిపోతుంది. సెకనుకు నలభై బొమ్మలు తీసే యంత్రానికి ఒక బొమ్మకూ మరొక బొమ్మకూ నడుమ 25 మిల్లీసెకన్లు గడుస్తాయి. ఇక ఆ కంపనం దాని కంట పడేది ఎట్లు? దానిని పట్టగలిగితే ఎందరో రోగులకు సూదితో కాలేయపు ముక్క తీసి పరీక్షించే బాధ తప్పుతుంది.

పారిస్ నగరంలో మథియాస్ ఫింక్, మికాయెల్ టాంటర్ ప్రభృతులు ఈ చిక్కును ఆలోచనతో విడదీశారు. గీత వెంట గీతగా పంపడం మాని, ఒకే సమతల తరంగాన్ని పంపి, వచ్చిన ప్రతిధ్వనులన్నింటినీ ఒక్కసారిగా గ్రహించి, మొత్తం బొమ్మను గణనంతో నిర్మించారు. తరంగం ఒకచోట కేంద్రీకృతం కానందున బొమ్మ మసకబారుతుంది. అందుకని భిన్నకోణాలలో పంపిన కొన్ని తరంగాల ఫలితాలను కలిపి స్పష్టతను తిరిగి సాధించే మార్గాన్ని ఆ బృందం 2009లో ప్రకటించింది.

అయితే భారమంతా గణనం మీద పడింది. బొమ్మలో రెండున్నర లక్షల బిందువులు, ప్రోబ్‌లో 128 గ్రాహకాలు ఉన్నాయనుకొందాము. ప్రతి బిందువుకూ ప్రతి గ్రాహకం నుండి తగిన క్షణపు ప్రతిధ్వనిని ఏరి కూడాలి. ఒక్క బొమ్మకు 3 కోట్ల 20 లక్షల కూడికలు. సెకనుకు 5000 బొమ్మలైతే 16,000 కోట్లు! వేలాది లెక్కలను ఒకేసారి చేయగల గ్రాఫిక్స్ ప్రాసెసర్లు ఇక్కడ మహోపకారం చేశాయి. ఆ మాట కాదనము. కాని ఏ క్షణపు ప్రతిధ్వనిని ఏరాలన్నది ప్రోబ్ ఆకృతిని, తరంగపు కోణాన్ని బట్టి ముందే తెలుస్తుంది కనుక, ఒక్కసారి పట్టికగా వ్రాసిపెట్టుకొంటే మాటిమాటికీ లెక్కించే శ్రమ తప్పుతుంది. ఇది యంత్రానికి తోచినది కాదు, మనిషికి తోచినది.

మరొక ఉదాహరణ. భూగర్భపు పొరలను ప్రతిధ్వనులతో గుర్తించడానికి 1978లో స్టోల్ట్ అనే శాస్త్రజ్ఞుడు ఫోరియర్ పరివర్తనతో ఒక పద్ధతిని ప్రకటించాడు. 2013లో దానినే సమతల తరంగాల వైద్యచిత్రణకు అన్వయించారు. దానికి ఆధారమైన శీఘ్ర ఫోరియర్ పద్ధతిని 1965లో కూలీ, టూకీ అనువారు ప్రచారంలోకి తెచ్చారు. 1024 సంఖ్యలకు నేరుగా చేస్తే పది లక్షలకు పైగా గుణకారాలు కావాలి. ఈ పద్ధతిలో పదివేల లోపే చాలును. కొత్త యంత్రం కొనకుండానే నూరు రెట్ల వేగం!

విద్యార్థి సోదరులారా! ‘అల్గారిథం’ అనే మాట తొమ్మిదవ శతాబ్దంలో బాగ్దాదు నగరంలో వర్ధిల్లిన అల్ ఖ్వారిజ్మీ పేరు నుండి పుట్టినది. ఆ పేరు తలచి గర్వించడం మనకు అలవాటు. ఆయన విద్యను అభ్యసించడం మాత్రం తగ్గుతున్నది. కంప్యూటర్ కోర్సులో చేరి గణితాన్ని తప్పించుకొనజూసేవాడు పరుల ఆలోచనను మీట నొక్కి నడిపేవాడే అవుతాడు.

ఒక హెచ్చరిక కూడ అవసరం. వేగం కొరకు తరంగాలను తగ్గించి, కొరవడిన భాగాన్ని కృత్రిమ మేధతో పూరించే ప్రయత్నాలు నేడు సాగుతున్నాయి. ఇవి మంచివే. కాని రోగి దేహంలో లేని గడ్డను చూపినా, ఉన్నదానిని కప్పిపెట్టినా ఆ వేగం ఎవరికి మేలు? త్వరగా వచ్చిన అబద్ధం కంటె ఆలస్యంగా వచ్చిన నిజమే రోగికి హితం. ఆ రెంటి భేదం తెలియాలన్నా గణితమే శరణ్యం.

కళాశాల కమిటీ పెద్దలకు మా విన్నపం ఇది. కొత్త కంప్యూటర్లకు కేటాయించే నిధులతో పాటు గణిత, భౌతికశాస్త్ర బోధనకూ సమానమైన శ్రద్ధ చూపవలెను. ఇటువంటి విషయాలపై తెలుగులోను, ఉర్దూలోను ప్రసంగాలు ఏర్పాటు చేయవలెను. తన భాషలో ప్రశ్నించగలిగిన విద్యార్థి శాస్త్రాన్ని తనదిగా చేసుకొంటాడు. నూరు రెట్లు వేగంగా, నూరింట ఒక వంతు శ్రమతో సాగే లెక్క ఖరీదైన పెద్ద యంత్రాన్ని చిన్నదిగా, చౌకగా మార్చగలదు. అప్పుడది నగరానికి రాలేని రోగి గుమ్మం దాకా పోతుంది. అటువంటి లెక్క ఒకటి మన తరగతి గదిలోనే పుట్టవలెనని మా ఆకాంక్ష.