తలుపు తట్టని పోలీసు

పండుగ వచ్చిందంటే జంషెడ్‌పూర్ ఆకాశంలో పోలీసు డ్రోన్లు తిరుగుతాయి. మేడలపై రాళ్లు పోగుచేశారేమో చూడటానికేనంటారు. ఆ భయం నిరాధారమైనది కాదు. 1979 ఏప్రిల్‌లో రామనవమి ఊరేగింపు వేళ చెలరేగిన అల్లర్లు ఈ నగరంలో వందమందికి పైగా ప్రాణాలు తీశాయి. 2023 ఏప్రిల్‌లో కదమా శాస్త్రినగర్‌లో మళ్లీ ఘర్షణలు జరిగాయి. అయితే 1979లో ఊరేగింపు దారిపై వివాదం ఏడాది ముందు నుంచే అధికారులకు తెలుసు. నాడు ప్రభుత్వానికి లోపించింది చూపు కాదు, చేవ.

రాళ్లను వెతికే కెమెరా మేడపై బట్టలు ఆరేసే ఇల్లాలినీ, ఉక్కకు ఆరుబయట పడుకున్న పిల్లలనూ చూస్తుంది. ఆ దృశ్యాలు ఎవరి చేతికి చేరతాయి? ఎన్నాళ్లు ఉంటాయి? 2021 డ్రోన్ నిబంధనలు యంత్రానికి నమోదు సంఖ్య, నడిపేవారికి ధ్రువపత్రం, గగనతలానికి రంగుల మండలాలు నిర్ణయించాయి. ఈ ప్రశ్నలకు మాత్రం జవాబివ్వలేదు. 2023 వ్యక్తిగత డేటా రక్షణ చట్టమేమో నేర నివారణ, దర్యాప్తుల పేరిట ప్రధాన బాధ్యతల నుంచి మినహాయింపునిచ్చింది. శాంతిభద్రతల పేరిట ప్రభుత్వ సంస్థలను చట్టం నుంచే తప్పించే అధికారాన్ని కేంద్రం చేతిలో పెట్టింది. కాపాడవలసిన కంచెకే గండి కొట్టారు.

1962లో ఖరక్ సింగ్ కేసులో, అర్ధరాత్రి పోలీసులు ఇంటికి వచ్చి తలుపు తట్టడం చెల్లదని సుప్రీంకోర్టు తేల్చింది. మన రాజమహేంద్రవరం బిడ్డ జస్టిస్ కోకా సుబ్బారావు మరో అడుగు ముందుకు వేసి, గోప్యత వ్యక్తి స్వేచ్ఛలో అంతర్భాగమని భిన్న తీర్పు రాశారు. 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తొమ్మిదిమంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా ఆ వైపే నిలిచారు. గోప్యతలో జోక్యానికి చట్టం ఉండాలి, న్యాయమైన లక్ష్యం ఉండాలి, జోక్యం అవసరానికి మించరాదు అన్నారు. తలుపు తట్టే పోలీసుకున్న హద్దు, తట్టకుండానే పైనుంచి తొంగిచూసే పోలీసుకు లేకపోవడం ఏమి న్యాయం?

జంషెడ్‌పూర్‌లో ఈ ప్రశ్న మరింత పదునైనది. టాటా లీజు భూములపై నిలిచిన ఈ ఉక్కునగరానికి ఎన్నికైన నగరపాలక సంస్థ లేదు. పౌరుడు నిలదీయడానికి కార్పొరేటర్ కూడా లేడు.

పౌర డ్రోన్ల బిల్లు ముసాయిదాను కేంద్రం 2025 సెప్టెంబరులో ప్రజల ముందుంచింది. ఎగరవేతకు రాతపూర్వక ఉత్తర్వు, దృశ్యాల చెరిపివేతకు గడువు, ఏటా శాసనసభకు లెక్క: ఈ మూడూ చట్టంలో చేరాలి. పౌరుణ్ని చూసే హక్కు కోరే ప్రభుత్వం, పౌరుడి కంటికి తానూ కనబడాలి.