ఎండ ఉన్న ఊళ్లో ఎముకల లోటు



మన హాస్టల్లో టైప్-1 మధుమేహం ఉన్న తమ్ముళ్లు ఏటా ఒకరిద్దరు ఉంటూనే ఉన్నారు. బాత్రూమ్ తలుపేసుకుని ఇన్సులిన్ తీసుకుంటారు కాబట్టి మనకు తెలియదు. నా రూమ్మేటూ అంతే. నిరుడు మెట్ల మీద జారితే మణికట్టు విరిగింది. "చిన్నగ పడ్డ గదన్నా, గింతకే ఇరుగుతదా?" అన్నాడు. ఆ ప్రశ్నే నా చేత ఇది రాయిస్తోంది.

షుగర్ అనగానే కళ్లు, కిడ్నీలు, పాదాలు అంటాం. ఎముకల మాట ఎవరూ ఎత్తరు. ఎముకను కట్టే కణాలకు కూడా ఇన్సులిన్ ఊతం. పైగా చక్కెర అదుపు తప్పితే కాల్షియం మూత్రంలో పోతుంది. టైప్-1 ఉన్నవారికి తుంటి ఎముక విరిగే ప్రమాదం ఇతరులకన్నా ఆరు రెట్లకు పైనేనని, పలు దేశాల పరిశోధనలను కలిపి చూసినవారు 2007లో లెక్కగట్టారు. అది ఎక్కువగా పెద్ద వయసు ముచ్చటే. కానీ ఎముక గట్టిపడేది ముప్పై లోపు, అంటే ఈ హాస్టల్ అన్నం తినే ఏళ్లలోనే.

ఇంత ఎండలో విటమిన్ డి లోటేమిటని నేనూ నవ్వాను. తిరుపతి స్విమ్స్ వైద్యులు ఆరోగ్యవంతులనే పరీక్షించి, 2007, 2008లలో ఆ లోటును ప్రకటించారు. పల్లెలకన్నా పట్నంలోనే ఎక్కువ. మా అమ్మానాన్న ఎండలో కూలి చేశారు. నన్ను నీడకు పంపడానికే చదివించారు. ఆ నీడ దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్లో దొరికింది. పొద్దుగూకాక మన్సూరాబాద్ చేరుతున్నాం. ఉదయం ఆరింటి పీటీ ఒంటికి మంచిదే, డి మాత్రం రాదు. అది బాగా తయారయ్యేది పదకొండు నుంచి రెండు మధ్య ఎండలో.

మెడికల్ షాపులో 60,000 యూనిట్ల పొట్లం అడిగి కొనుక్కోవద్దు. రక్తపరీక్ష చేయించి, డాక్టరు చెప్పినన్ని వారాలే వాడాలి. రోజూ మింగితే రక్తంలో కాల్షియం పెరిగి కిడ్నీలు దెబ్బతింటాయి.

ఇక మెస్సు. పెద్దలకు రోజుకు 1,000 మిల్లీగ్రాముల కాల్షియం కావాలని తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో చెప్పింది. మన పళ్లెంలో అన్నం, పలుచని సాంబారు, అంతకన్నా పలుచని మజ్జిగ. 2024లో కాలేజీ విద్యార్థుల డైట్ చార్జీలు నెలకు 1,500 నుంచి 2,100 రూపాయలయ్యాయి. పెరిగిన దాంట్లోంచి రాగులు కొనమని వార్డెన్ గారిని కోరుతున్నాను. వంద గ్రాముల రాగుల్లో దాదాపు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. బెల్లం పోసిన మాల్ట్ వద్దు, మజ్జిగ కలిపిన అంబలి చాలు. షుగరున్న తమ్ముళ్లు దాన్నీ ఇన్సులిన్ లెక్కలో వేసుకోవాలి.

పూర్వ విద్యార్థులకు ఒక మాట. వార్షికోత్సవానికి ఈసారి షీల్డులు వద్దన్నా, చిన్న ఫ్రిజ్ ఇప్పించండి. మావాడు ఎండాకాలమంతా ఇన్సులిన్‌ను తడిగుడ్డ చుట్టిన మట్టికుండలో దాచాడు.

వాడి కట్టు విప్పేశారు. ఆదివారం పన్నెండింటికి ఇద్దరం మేడ మీద బట్టలు ఉతుక్కుంటున్నాం. అక్కడ చోటుంది, రండి.