రోగం పేరు చూపి మా ఫిర్యాదు మూసేయకండి

మేము ఇంట్లో దెబ్బలు తిన్న ఆడవాళ్లం. ఆ దెబ్బల గురించి నోరు తెరిచాక మతి సరిగా లేదని చీటీ రాయించుకున్నవాళ్లం. మాలో టీచరుంది, టైలరుంది, ఉద్యోగం మాన్పించి ఇంట్లో కూర్చోబెట్టిన ఇంజనీరుంది. ఒకరికి రాసిన రోగం పేరు తప్పని తర్వాత ఇంకో డాక్టరు చెప్పారు. ఒకరికి నిజంగానే జబ్బుంది, మాత్రలు వేసుకుంటోంది, బాగానే ఉంది. ఇంకొకరి సంగతి ఇప్పటికీ తేలలేదు. ఈ ముగ్గురికీ ఒకే న్యాయం జరగాలన్నది మా మొదటి మాట.

"నాకు పిచ్చి లేదు, అందుకని నన్ను నమ్మండి" అని మేము ఇక అనం. అలా అంటే జబ్బున్న ఆడపిల్లను కొట్టినా ఫర్వాలేదని ఒప్పుకున్నట్టే. ఆమెకు జబ్బుందా అన్నది ఒక ప్రశ్న. అతను కొట్టాడా అన్నది ఇంకో ప్రశ్న. మొదటిది తేలేదాకా రెండోదాన్ని పక్కన పెట్టే హక్కు ఎవరికీ లేదు.

మాలో ఒకామెకు తన కేస్ షీటు నకలు చేతికొచ్చిన రోజు అందరం కూర్చుని చదివాం. మొదటి పేజీలో 'వివరాలు చెప్పినవారు' అన్న గడిలో 'భర్త' అని ఉంది. కింద పన్నెండు లైన్లు. నిద్రపోదు, వంట చేయదు, అత్తగారికి ఎదురు చెబుతుంది, భర్తను అనుమానిస్తుంది, తనను చంపేస్తారని అంటుంది. ఆ షీటు రాసిన రోజుకి ఆమె ఎడమచేతి మణికట్టుకు కట్టు ఉంది. దాని ఊసు ఆ పన్నెండు లైన్లలో ఎక్కడా లేదు. చంపేస్తారన్న భయం మాత్రం రోగలక్షణంగా ఎక్కింది. డాక్టరు ఆమెతో మాట్లాడింది భర్త, అత్తగారు పక్కనుండగానే. ఇంట్లో ఎలా ఉందమ్మా అంటే "బాగానే ఉందండి" అంది. వాళ్ల ముందు ఇంకేమంటుంది?

ఆ ఫైలే తర్వాత పోలీస్ స్టేషన్‌కి వచ్చింది. మరిది ప్లాస్టిక్ కవర్లోంచి చీటీ తీసి ఎస్సై బల్ల మీద పెట్టగానే, ఫిర్యాదు రాసుకుంటున్న కానిస్టేబుల్ పెన్ను ఆగిపోయింది. "ముందు వైద్యం చేయించుకోమ్మా" అన్నారు. ఆ ఫైలే విడాకుల కేసులో కూడా ఎక్కింది. ఒక్కరు చెప్పిన మాట మూడు చోట్లా రుజువైపోయింది. అదే ఆమె చెప్పిన మాటను ఒక్కచోట కూడా రాసుకోలేదు.

హైదరాబాదులో "ఎర్రగడ్డలో వేయిస్తా" అన్న బెదిరింపు వినని ఆడది మాలో లేదు. అక్కడ వైద్యం చేసేవాళ్ల తప్పు కాదిది. మానసిక ఆసుపత్రి ఉన్న చోటినే తిట్టుగా మార్చుకున్న మన నోళ్లది.

మేము కొత్త చట్టం అడగడం లేదు. ఉన్నదాన్ని చదవమంటున్నాం. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2018 మే 29 నుంచి అమల్లో ఉంది. చుట్టూ ఉన్న సమాజం విలువలకు, నమ్మకాలకు తలవంచనంత మాత్రాన మనిషికి మానసిక రోగం అంటగట్టకూడదని దాని మూడో సెక్షన్ చెబుతోంది. వంట చేయకపోవడం, అత్తగారికి ఎదురు చెప్పడం ఏ లెక్కన లక్షణాలయ్యాయో ఆ పన్నెండు లైన్లు రాసినవాళ్లు చెప్పాలి. ఒకప్పుడు ఆసుపత్రిలో ఉన్నంత మాత్రాన ఇప్పుడూ రోగి అనడానికి వీల్లేదనీ, రోగం ఉందని తేలినా కోర్టు ప్రకటిస్తే తప్ప మతిస్థిమితం లేని మనిషి అయిపోదనీ అదే సెక్షన్లో ఉంది. కోర్టులో ఒక పక్షం మానసిక రోగానికి రుజువు చూపిస్తే, రెండో పక్షం దాన్ని కాదంటే, కోర్టు ఆ విషయాన్ని మానసిక ఆరోగ్య సమీక్ష బోర్డు పరిశీలనకు పంపాలి. ఇది 105వ సెక్షన్. మా లాయర్లలో ఎక్కువమందికి ఈ సెక్షన్ మేమే చూపించాల్సి వచ్చింది.

ఇష్టం లేకుండా చేర్చడానికీ పద్ధతి ఉంది. ఒక సైకియాట్రిస్టు, ఇంకొక నిపుణుడు లేదా డాక్టరు విడివిడిగా పరీక్షించి ఒప్పుకోవాలి. ఆడమనిషినైతే మూడు రోజుల్లోగా బోర్డుకు తెలపాలి. ఆమె దాన్ని సవాలు చేయవచ్చు. తల్లిదండ్రులు బలవంతంగా తీసుకెళ్లి ఆసుపత్రిలో పెట్టించిన మేజరు యువతి కేసులో, ఈ చట్టం అమల్లోకి రాకముందే, 2018 ఏప్రిల్‌లో ఢిల్లీ హైకోర్టు అది చట్టవిరుద్ధమని చెప్పి నష్టపరిహారం ఇప్పించింది.

మన దగ్గరి తీర్పూ ఉంది. భార్యాభర్తలిద్దరూ డాక్టర్లు. ఆమెకు స్కిజోఫ్రేనియా ఉందని ఆయన విడాకులు కోరారు. కింది కోర్టు ఇచ్చింది, ఆంధ్రప్రదేశ్ హైకోర్టు కొట్టేసింది, 2013 సెప్టెంబరులో సుప్రీంకోర్టు హైకోర్టు మాటే నిలబెట్టింది. ఆమె పీజీ పూర్తిచేసి ఉద్యోగం చేస్తోందన్న సంగతిని కోర్టు లెక్కలోకి తీసుకుంది. రోగం పేరు పక్కన పెట్టి మనిషి బతుకుతున్న తీరు చూడటమంటే ఇదే. మాకు కావలసిందీ అదే.

సాక్ష్యం విషయంలోనూ అంతే. ప్రశ్న అర్థం చేసుకుని సరైన జవాబు చెప్పగలిగినంతవరకు, మతిస్థిమితం లేదన్న కారణంతో ఎవరినీ సాక్షిగా కాదనకూడదని మన సాక్ష్య చట్టం పాతదీ చెప్పింది, కొత్తదీ చెబుతోంది. ఇక 2005 గృహహింస చట్టం మానసిక హింసను హింసగానే లెక్కగట్టి పరిహారం కోరే దారి ఇచ్చింది. నిద్ర పట్టకపోవడం, తలుపు చప్పుడుకు ఉలిక్కిపడటం అతను చేసిన గాయాలు. వాటినే ఆమె మీద ఆరోపణలుగా తిప్పనివ్వం.

డాక్టర్లను మేము కోరేది పెద్దదేం కాదు. మనిషిని ఒంటరిగా కూర్చోబెట్టి ఒక పది నిమిషాలు అడగండి. ఏ మాట ఎవరు చెప్పారో విడిగా రాయండి. ఒంటి మీద దెబ్బ కనిపిస్తే దెబ్బ అని రాయండి. ఆమెకు తెలియకుండా పెరుగన్నంలో కలిపి పెట్టమని మాత్రలు ఇవ్వకండి. మాలో ఇద్దరు అన్నం చేదుగా ఉందంటే, "విషం కలిపారని అనుమానిస్తోంది" అని అదీ రోగం కిందే రాశారు.

పోలీసులు ముందు ఫిర్యాదు తీసుకోవాలి, చీటీ తర్వాత చూడాలి. సమీక్ష బోర్డు ఎక్కడ కూర్చుంటుందో, దరఖాస్తు ఎవరికివ్వాలో ప్రతి స్టేషన్లో, ప్రతి ఆసుపత్రి గోడ మీద తెలుగులో రాసి ఉండాలి. పుట్టింటివాళ్లకు ఒకటే మాట: సర్దుకుపొమ్మని పంపిన రోజే ఈ ఫైలు మొదలైంది.

ఇక మాకు మేము పెట్టుకున్న కట్టుబాట్లు. ఏ మాత్రా మానేయమని ఎవరికీ చెప్పం. ఉన్నట్టుండి మానేయడం ప్రమాదం, అది డాక్టరుతో మాట్లాడి తేల్చుకోవాల్సిన పని. వైద్యాన్ని ద్వేషించం. మాలో కొందరిని నిలబెట్టింది నిజం రాసిన డాక్టర్లే. మాకు వ్యతిరేకంగా ఉన్న కాగితాన్ని మా లాయరు దగ్గర దాచం. ఎవరి రోగం పేరూ ఆమె అనుమతి లేకుండా బయట పెట్టం. స్టేషన్‌కి, ఆసుపత్రికి, కోర్టుకి ఎవరినీ ఒంటరిగా పంపం.

అక్కా, నీ దగ్గరా అలాంటి ఫైలు ఉంటే, లేదా నీ మీద అలాంటి ఫైలు ఇంకొకరి బీరువాలో ఉంటే, ముందు కేస్ షీటు నకలు కోసం ఆసుపత్రికి దరఖాస్తు పెట్టు. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 25వ సెక్షన్ ప్రకారం అది నీ హక్కు. దరఖాస్తు రెండో కాపీ మీద తేదీ, ముద్ర వేయించుకో. ఉచిత న్యాయ సహాయానికి 15100కి ఫోన్ చెయ్యి, ఆడవాళ్లకు ఆదాయం ఎంతున్నా అది వర్తిస్తుంది. రాయడం కష్టమైతే మా దగ్గరకు రా. నువ్వు చెప్పు, నీ మాటల్లోనే రాసిపెడతాం.