గుర్రం పోయి సుమో వచ్చె!

ఇద్దరు పశువుల ఆసాములు. మధ్యలో ఒక్క ఏరు. విలియం వైలర్ తీసిన 'ది బిగ్ కంట్రీ' (1958)లో తగాదా అంతా ఆ నీటి కోసమే. రెండు గంటల 46 నిమిషాల సాగదీత తర్వాత ముసలి ఆసాములిద్దరూ ఒకరినొకరు కాల్చుకు చస్తారు. సినిమా ఓ మోస్తరే అయినా, వారిలో ఒకరిగా నటించిన బర్ల్ ఐవ్స్‌కు సహాయ నటుడిగా ఆస్కార్ దక్కింది.

కృష్ణ 'మోసగాళ్ళకు మోసగాడు' (1971) హాలీవుడ్ నుంచి గుర్రాన్నీ, టోపీనీ తెచ్చుకుని నిధివేటకు బయల్దేరింది. ఆసాముల పగలకు తెలుగు తెరపై గిరాకీ పెంచింది 'సమరసింహారెడ్డి' (1999). గుర్రాల స్థానంలో సుమోలొచ్చాయి. వేటకొడవళ్లొచ్చాయి. కథ జరిగేది కరువు సీమలో. అయినా ఆ తర్వాత వరుసకట్టిన ఫ్యాక్షన్ చిత్రాల్లో పారిన నెత్తురెక్కువ, నీటి ఊసు తక్కువ.